లంకావిలో లంగరేసి బోట్ సామాను కొనుక్కోవడం, నేను చేసే పద్ధతి

లంకావి వచ్చిన మొదటి వారం ఒక్క హాఫ్ ఇంచ్ పైపు ఫిట్టింగ్ కోసం మూడు రోజుల్లో నాలుగు సార్లు ఒడ్డుకెళ్ళొచ్చా. అంటే డింగీ (ఒడ్డుకెళ్ళే చిన్న పడవ) దించు, మోటరు లాగు, జెట్టీకి కట్టు, ఎండలో నడువు, కొను, తిరిగి రా, బిగించు, చూస్తే కారుతోంది, మళ్ళీ పో. నాలుగోసారికి షాపాయన నన్ను చూడగానే నవ్వుకుంటూ కుర్చీ లాగి వేశాడు. ఆయన తప్పేం లేదు, నాకే తెలీలా. మా బోట్ అమెరికాలో కట్టింది, దాంట్లో పైపు థ్రెడ్లన్నీ ఎన్‌పీటీ, అంటే అమెరికా రకం, ఇక్కడ షాపుల్లో దొరికేవి బీఎస్‌పీ, అంటే బ్రిటిష్ రకం, హాఫ్ ఇంచ్‌లోనూ ముప్పావు ఇంచ్‌లోనూ రెండిటికీ ఇంచ్‌కి 14 థ్రెడ్లే కాబట్టి చేత్తో తిప్పితే రెండు చుట్లు సుబ్బరంగా ఎక్కేస్తుంది, మనం కూడా ఆహా కుదిరింది అనేసుకుంటాం, కానీ థ్రెడ్ కోణం ఒకదానికి 60 డిగ్రీలు ఇంకోదానికి 55, అందుకని టెఫ్లాన్ టేపు ఎంత చుట్టినా ఎక్కడో చోట బొట్టు బొట్టు కారుతూనే ఉంటుంది. ఆ మూడు ఫిట్టింగులు ఇంకా నా డబ్బాలోనే ఉన్నాయి, పారేయబుద్ధి కాక.

కొత్తగా బోట్ మీద కాపురం పెట్టి ఇటు వచ్చేవాళ్ళు ఈ తిప్పలు పడకూడదని రాస్తున్నా. ఉదాహరణలన్నీ లంకావివే, ఎందుకంటే మేము బాగా తిరిగింది ఇక్కడే. లంకావి మలేసియాలో కెడా రాష్ట్రంలో ఉన్న ద్వీపం, 1987 నించీ డ్యూటీ ఫ్రీ, థాయిలాండ్ పక్కనే, అందుకే ఏడాది పొడుగునా బయటి దేశాల బోట్లు ఆగుతుంటాయి. కువా ఊరి ముందు లంగరేసుకోవచ్చు, తెలాగాలో, రెబాక్ ద్వీపంలో బోట్లు కట్టేసుకునే మెరీనాలున్నాయి. రెబాక్‌లో ఉంటే హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళాలన్నా ముందు మెరీనా వాళ్ళ పడవెక్కి పెద్ద ద్వీపానికి రావాలి, ఆ పడవ టైమింగులు చూసుకుని బయల్దేరండి.

అసలు పని బోట్‌లోనే ఉంది, వెళ్ళే ముందు రోజు సాయంత్రం. షాపుకెళ్ళాక "మాది ఇంత ఉంటుంది సార్" అని వేళ్ళు చూపిస్తే ఏం లాభం లేదు. నేను ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకున్నా, పెన్సిల్‌తోనే రాస్తా, పెన్ను ఐతే తడిస్తే అలుక్కుపోతుంది. ఒక్కో వస్తువుకీ అది ఎక్కడ పెట్టేది, సైజెంత, దాని మీద నంబరేంటి, ఎన్ని కావాలి, అదే దొరక్కపోతే దానికి బదులు ఏది పనికొస్తుంది. ఈ చివరిది చాలామంది రాసుకోరు, తీరా షాపులో నిలబడి ఆలోచిస్తారు, వెనక నలుగురు ఎదురుచూస్తుంటే బుర్ర పని చెయ్యదు, ఏదో ఒకటి కొనేస్తాం.

ఒక వెర్నియర్ కాలిపర్ కొనుక్కోండి, ప్లాస్టిక్‌దైనా పర్లేదు. టేపుతో కొలిస్తే 12 మిల్లీమీటర్లా అరంగుళమా అనేది తేలదు, హోస్ పైపుల దగ్గర సరిగ్గా ఆ 0.7 మిల్లీమీటరు తేడా దగ్గరే చస్తాం. హోస్‌కి లోపలి కొలత ముఖ్యం, గట్టి పైపుకి బయటి కొలత, రెండూ రాసుకోండి. పాత పార్టు విప్పగలిగితే విప్పి జేబులో వేసుకోండి, విప్పితే బోట్ మునుగుతుంది అనుకున్నవి మాత్రం ఫోటో తీసుకోండి, ఫోటోలో పక్కన స్కేలు పెట్టి.

నంబర్లు ఉన్న వస్తువుల విషయంలో మాత్రం అదృష్టవంతులం. ఆల్టర్నేటర్ బేరింగ్ ఊడదీస్తే దాని మీద 6203 అనో ఏదో చెక్కి ఉంటుంది, అది ఏ కంపెనీదైనా ప్రపంచంలో ఎక్కడైనా ఒకటే సైజు, లోపల 17, బయట 40, మందం 12 మిల్లీమీటర్లు. నంబరు వెనక 2ఆర్‌ఎస్ అని ఉంటే రెండు పక్కలా రబ్బరు సీలు, జెడ్‌జెడ్ అంటే రేకు మూత, బోట్‌కి రబ్బరుదే అడగండి. ఆయిల్ సీలు మీద 25-40-7 అని మూడంకెలు ఉంటాయి, లోపలిది బయటిది మందం, అంతే. ఫ్యాన్ బెల్టు మీద A38 అంటే ‘A’ సెక్షన్, అంటే బెల్టు వెడల్పు రకం, లోపలి చుట్టుకొలత 38 అంగుళాలు. ఇవన్నీ బోట్ సామాను షాపులో మెరైన్ అని లేబులేసి అమ్ముతారు, అదే నంబరు కార్ల బేరింగ్ షాపులో అడిగితే రేటు చూసి మనకే నవ్వొస్తుంది.

ఇంపెల్లర్, అంటే నీళ్ళ పంపులో తిరిగే రబ్బరు రెక్కల చక్రం, మాత్రం అలా కాదు. నంబరు చెరిగిపోయి ఉంటే బయటి వ్యాసం, వెడల్పు, షాఫ్ట్ రంధ్రం, రెక్కలెన్ని, షాఫ్ట్‌కి పట్టేది పళ్ళచక్రంలా ఉందా ఒక్క గాడి ఉందా, అన్నీ రాసుకోవాలి. అరిగిపోయిన ఇంపెల్లర్ని కొలిస్తే వ్యాసం తక్కువొస్తుంది, రెక్కలు వంగిపోయి ఉంటాయి కదా, అందుకని పంపు లోపలి గది కూడా కొలవండి.

లంగరు గొలుసు కొనేవాళ్ళకి ఇంకో మాట, ఇది డబ్బు పోయే చోటు. 10 ఎంఎం గొలుసు అంటే అన్నీ ఒకటే అనుకోకండి. డిన్ 766 అనే జర్మన్ రకంలో లింకు లోపలి పొడవు 28 మిల్లీమీటర్లు, ఐఎస్‌ఓ అనే అంతర్జాతీయ రకంలో 30. ఆ రెండు మిల్లీమీటర్ల తేడాకే విండ్‌లాస్ (గొలుసు పైకి లాగే యంత్రం) చక్రం మీద గొలుసు ఎగిరెగిరి జారిపోతుంది, అదీ గాలి లేచినప్పుడు, రాత్రి రెండింటికి. 8 ఎంఎం లో రెండు రకాలకీ 24 మిల్లీమీటర్లే కాబట్టి ఆ బాధ లేదు. మీ గొలుసు చివర ఐదారు లింకులు కోయించి ఎప్పుడూ దగ్గర పెట్టుకోండి, షాపులో కొత్త గొలుసు పక్కన పరిచి చూస్తే ఐదో లింకుకే తేడా బయటపడిపోతుంది.

ఇక ఒడ్డుకి చేరడం. ఇక్కడ అమావాస్యకి పౌర్ణమికి నీళ్ళు మూడు మీటర్ల దాకా లేచి దిగుతాయి. పొద్దున పోటు మీద డింగీని జెట్టీకి బిర్రుగా కట్టి పోయారనుకోండి, మధ్యాహ్నానికి ఆటులో అది తాడుకి వేలాడుతూ ఉంటుంది, మోటరు నీళ్ళలో ముంచుకుని. దీనికి ఉల్టా కూడా చూశా, ఆటు టైములో కట్టిన డింగీ జెట్టీ కిందకి దూరిపోయి, పోటు వచ్చేసరికి పైన దూలానికి నొక్కుకుని, మోటరు మూత పగిలి. తాడు పొడుగ్గా వదలండి, మిగతా డింగీలకి కూడా జాగా ఉండాలి కదా, వెనకాల చిన్న లంగరు వేస్తే జెట్టీ కిందకి పోదు. మోటరుకి తాళం, డింగీకి గొలుసు తాళం, మోటరు ఆపే కిల్ స్విచ్ తాడు జేబులో. పెట్రోలు ట్యాంకు కూడా కట్టేయండి.

వెంట తీసుకెళ్ళాల్సినవి: మడత ట్రాలీ ఒకటి, నీళ్ళు పోని సంచులు రెండు, పాత టార్పాలిన్ ముక్క, బంగీ తాళ్ళు, ఒక చిన్న అయస్కాంతం, వోల్ట్ మీటర్, ఆ కాలిపర్. అయస్కాంతం ఎందుకో చెప్తా ఆగండి. మధ్యాహ్నం దాటితే కుండపోత వాన ఎప్పుడు పడుతుందో చెప్పలేం, ఇరవై కిలోల బియ్యం వానలో తడుస్తూ డింగీలో తెచ్చిన రోజు మా ఆవిడ నాతో మాట్లాడలా.

లంకావిలో గ్రాబ్ (ఫోన్‌లో పిలిచే టాక్సీ) ఉంది కానీ నాలుగు షాపులు తిరగాలంటే ప్రతిసారీ సామాను ఎక్కించి దించి ప్రాణం పోతుంది, అందుకని కారు అద్దెకి తీసుకోవడమే మేలు, పక్క బోట్ వాళ్ళని కూడా కలుపుకుంటే ఖర్చు సగం. ఒక్కరోజు కారు, ముందే రాసుకున్న జాబితా, అంతే. రోజు ఎంచుకోవడంలో కూడా చూసుకోవాలి, కెడాలో ప్రభుత్వ ఆఫీసులకి వారాంతపు సెలవు శుక్ర శనివారాలు, శని ఆదివారాలు కాదు, శుక్రవారం మధ్యాహ్నం నమాజు టైముకి చాలా షాపులు మూస్తారు. చైనీస్ కొత్త సంవత్సరం వస్తే హార్డ్‌వేర్ షాపులు రోజుల తరబడి తియ్యరు, ఆ టైములో బోట్ యార్డులో ఎక్కించుకుని పెయింటు కోసం ఎదురుచూస్తూ కూచున్నవాళ్ళని చూశా పాపం.

భాష గురించి భయపడకండి. అందరికీ ఎంతోకొంత ఇంగ్లీషు వచ్చు, కానీ నాలుగు మలయ్ మాటలు వస్తే ముఖాలు విచ్చుకుంటాయి. అడా అంటే ఉంది, తక్ అడా అంటే లేదు, హబిస్ అంటే ఐపోయింది, బెరాపా అంటే ఎంత. కెడాయ్ అంటే కొట్టు, తమిళం కడై నించి వచ్చిన మాటే. పెయింటుని చాట్ అంటారు, నూనెని మిన్యాక్, ఇనుముని బెసి. తాడుని తాలి అంటారు, "తాలి అడా?" అని అడిగినప్పుడల్లా నాకు మన తాళి గుర్తొచ్చి నవ్వాగదు. షాపులో పెద్దాయన చైనీస్ ఐతే అంకుల్, మలయ్ ఐతే అబాంగ్ అంటే అన్న, ఎవరైనా సరే బాస్ అంటే పని జరిగిపోతుంది. మన తెలుగువాళ్ళు కూడా మలేసియాలో తరతరాలుగా ఉన్నారు, రబ్బరు తోటల కాలం నించీ, ఒకసారి హోస్ కొంటుంటే పక్కన నిలబడ్డ పెద్దాయన నేను ఫోన్‌లో ఇంట్లోవాళ్ళతో మాట్లాడేది విని "ఏ వూరు బాబూ" అన్నాడు, నా చేతిలో కాలిపర్ జారిపోయింది.

ఏ షాపుకి వెళ్ళాలి అనేది అందరూ అడిగేదే. బోట్ సామాను అని బోర్డున్న షాపుకే ముందు పరిగెత్తకండి. నా వరస ఇది: మొదట చేపలవాళ్ళ షాపు, తర్వాత మామూలు హార్డ్‌వేర్, తర్వాత కార్ల స్పేర్ పార్టులూ బేరింగులూ, అక్కడ ఎక్కడా దొరకనివి మాత్రమే యాట్ షాపులో. చేపలవాళ్ళ షాపు అంటే మన కాకినాడలోనో వైజాగ్ ఫిషింగ్ హార్బర్ దగ్గరో చూసే ఉంటారు, మోకులు చుట్టలు చుట్టలుగా పేర్చి, వలలు వేలాడేసి, లోపలికెళ్తే తారు వాసన. అక్కడ తాళ్ళు, షాకిళ్ళు (గొలుసులు కలిపే ఇనప కొక్కేలు), బోయాలు (నీళ్ళ మీద తేలే గుర్తులు), గ్రీజు, రబ్బరు బూట్లు, తలకి కట్టుకునే లైట్లు, అన్నీ పని చేసేవాళ్ళు కొనేవి కాబట్టి గట్టిగా ఉంటాయి. కానీ తాడు దగ్గర ఒక్కటి చూసుకోండి. చవగ్గా కనపడే పచ్చ తాడు, నీలం తాడు పాలీప్రొపిలీన్, అది నీళ్ళ మీద తేలుతుంది, లంగరుకి వాడితే అవతలి వాళ్ళ ప్రొపెల్లర్‌లో చుట్టుకుంటుంది, పైగా ఎండకి ఏడాదిలో పొడి రాలుతుంది. లంగరుకి నైలాన్ కావాలి, సాగుతుంది కాబట్టి అలల కుదుపు తీసుకుంటుంది. ఏదో తెలీకపోతే చిన్న ముక్క కోయించుకుని గ్లాసు నీళ్ళలో వెయ్యండి, తేలితే వద్దు.

అప్పుడప్పుడు ఫెర్రీ ఎక్కి మెయిన్‌ల్యాండ్‌కి కూడా వెళ్ళొస్తాం. కువా నించి కువాలా పెర్లిస్‌కి, కువాలా కెడాకి ఫెర్రీలున్నాయి, రెండూ చేపల రేవులే. కెడా అంటే మలేసియాకి ధాన్యాగారం, అలోర్ సెతార్ చుట్టూ కనుచూపు మేర వరి చేలే, మన కోనసీమకి వచ్చినట్టే ఉంటుంది, చేలున్న చోట ట్రాక్టర్లుంటాయి, ట్రాక్టర్లున్న చోట డీజిల్ ఫిల్టర్లు, ఇంజెక్టర్ రిపేరు, హైడ్రాలిక్ హోస్ కొలతకి నొక్కిచ్చే వాళ్ళు ఉంటారు. చాలా బోట్ ఇంజన్లు అసలు ట్రాక్టరో జనరేటరో ఇంజన్లకి సముద్రపు నీళ్ళ పంపూ కూలరూ తగిలించినవే, కాబట్టి ఫిల్టర్లు, గ్యాస్కెట్లు, ఇంజెక్టర్ నాజిళ్ళు అక్కడ దొరికే ఛాన్సు ఎక్కువ. దొరకనిది ఉప్పునీళ్ళు తగిలే భాగం, అంటే రా వాటర్ పంపు, హీట్ ఎక్స్‌ఛేంజర్, ఎగ్జాస్ట్ మోచేయి, అవి మాత్రం కంపెనీ డీలరు దగ్గరే.

ఇప్పుడు ఆ అయస్కాంతం సంగతి. హోస్ క్లాంపు కొనేటప్పుడు పట్టీ మెరుస్తూ ఉంటుంది, స్టెయిన్‌లెస్సే, కానీ దాన్ని బిగించే స్క్రూ మామూలు ఇనుముకి జింకు పూతేసి ఇస్తారు, ఆరు నెలల్లో స్క్రూ తుప్పు పట్టి రాలిపోతుంది, పట్టీ మాత్రం కొత్తదానిలా మెరుస్తూ బిల్జ్‌లో, అంటే బోట్ అడుగున, పడి ఉంటుంది. అయస్కాంతం స్క్రూకి గట్టిగా అతుక్కుంటే పక్కన పెట్టేయండి. క్లాంపు మీద డబ్ల్యూ2 అని ఉంటే ఈ బాపతే, డబ్ల్యూ4 అంటే మొత్తం స్టెయిన్‌లెస్, డబ్ల్యూ5 అంటే 316 స్టెయిన్‌లెస్, ఉప్పునీళ్ళకి అదే. కానీ స్టెయిన్‌లెస్‌లో 304 రకానికీ 316 రకానికీ తేడా అయస్కాంతంతో తెలీదు, ఆ విషయంలో దాన్ని నమ్మకండి. బోల్టు తల మీద చూడండి, ఏ2 అంటే 304 జాతి, ఏ4 అంటే 316 జాతి. ఏమీ రాయలేదంటే బోట్ లోపల సొరుగులకీ అరలకీ వాడుకోండి, డెక్ మీద వద్దు.

ఇత్తడి దగ్గర మాత్రం నేను అస్సలు రాజీ పడను. హార్డ్‌వేర్ షాపులో ఇత్తడి బాల్ వాల్వు చూడ్డానికి ముద్దొస్తుంది, రేటు కూడా యాట్ షాపు దాంట్లో నాలుగో వంతు ఉంటుంది. కానీ మామూలు ఇత్తడిలో జింకు ఉప్పునీళ్ళలో మెల్లగా కరిగిపోతుంది, మిగిలిన రాగి గుల్లబారి గులాబీ రంగుకి తిరుగుతుంది, పైకి ఆకారం అలానే ఉంటుంది, ఒకరోజు హ్యాండిల్ తిప్పగానే విరిగి చేతిలోకి వస్తుంది, వెనకాలే సముద్రం వస్తుంది. నీటిమట్టం కింద ఉండే ప్రతిదానికీ కంచు, లేదంటే డీజడ్‌ఆర్ లేదా సీఆర్ అని ముద్రున్న, జింకు అలా కరగని ఇత్తడి. ఈ ముద్ర కనపడకపోతే షాపాయన "కెన్ కెన్, సేమ్ సేమ్" అన్నా సరే నమస్కారం పెట్టి వచ్చేయండి. వంటగది మంచినీళ్ళ పైపుకి ఐతే ఆ ఇత్తడే హాయిగా వాడుకోవచ్చు, నేనూ వాడా.

కరెంటు తీగ కూడా ఇలాంటిదే. బోట్‌కి కళాయి వేసిన రాగి తీగ కావాలి, మన పాతకాలం ఇత్తడి గిన్నెలకి కళాయి వేసినట్టే, రాగికి గాలి ఉప్పు తగలకుండా తగరం పూత. మామూలు రాగి తీగ ఐతే కొన్నాళ్ళకి రబ్బరు కిందనే నల్లబడిపోతుంది, లైటు ఎందుకు మిణుకుమంటోందో తెలీక రోజంతా వెతుక్కుంటాం. చివర ఒక అంగుళం తొక్క తీసి చూడండి, తెల్లగా మెరిస్తే సగం పరీక్ష పాసు. తర్వాత బ్లేడుతో ఒక పోగుని గీకండి, లోపల ఎర్రగా రాగి కనపడాలి. ఇంకో మోసం ఉంది, అల్యూమినియం తీగకి పైన రాగి పూసి రాగి అని అమ్మేస్తారు, అది పైన ఎర్రగా ఉంటుంది, గీకితే లోపల తెల్లగా ఉంటుంది, చుట్ట చేతిలో పట్టుకుంటే అనుమానం వచ్చేంత తేలిగ్గా ఉంటుంది.

బ్యాటరీ ఐతే వోల్ట్ మీటర్ పెట్టి చూడండి, షెల్ఫ్ మీద ఉన్న కొత్త లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6, 12.7 చూపించాలి. 12.4 కన్నా తక్కువుంటే అది నెలల తరబడి చార్జింగు లేకుండా పడి ఉందని అర్థం, డిస్కౌంట్ ఇస్తా అన్నా తీసుకోకండి. తయారైన తేదీ కోడ్ అడిగి చదివించుకోండి. బరువు గుర్తుందిగా, జెట్టీ మెట్లు దిగాలి, అది కూడా ఆటు టైములో ఐతే నాచు మీద.

సీలెంటు (నీళ్ళు కారకుండా సందులు పూడ్చే జిగురు) ట్యూబులకి ఎక్స్‌పైరీ ఉంటుంది, ఎండలో కాచిన షాపులో పాత ట్యూబు కొంటే మూత తియ్యగానే లోపల రబ్బరు కడ్డీలా గట్టిపడి ఉంటుంది. ట్యూబుని మధ్యలో నొక్కి చూడండి, మెత్తగా లేకపోతే వద్దు. సికాఫ్లెక్స్ 291 లాంటివి మళ్ళీ విప్పుకోవచ్చు, 3ఎం 5200 మాత్రం అతికిస్తే అతికినట్టే, కిటికీలకీ డెక్ ఫిట్టింగులకీ దాన్ని వాడి తర్వాత విప్పలేక ఫైబర్ చీల్చుకున్నవాళ్ళున్నారు.

ఎపాక్సీ రెజిన్ కొంటే దాన్ని గట్టిపరచడానికి కలిపే హార్డెనర్ స్లోదే అడగండి, ఈ ఎండల్లో ఫాస్ట్‌ది ఐతే కలిపిన గిన్నెలోనే పొగలొచ్చి గడ్డకట్టేస్తుంది. ఫైబర్ షాపుల్లో చవగ్గా దొరికే చాప్డ్ మ్యాట్ (తుంపిన ఫైబర్ పోగుల చాప) పాలిస్టర్ రెజిన్‌కి చేసింది, దాని పోగుల్ని పట్టి ఉంచే బైండరు కరగాలంటే స్టైరీన్ కావాలి, ఎపాక్సీలో అది ఉండదు, మ్యాట్ తడవకుండా మొండికేస్తుంది, ఎపాక్సీకి నేసిన గుడ్డో కుట్టినదో తీసుకోండి. అడుగు పెయింటుకి అదే కంపెనీ థిన్నరు, మిగతా దేంట్లో పిసినారితనం చూపించినా దీంట్లో వద్దు.

లోకల్‌గా దొరకనివి షోపీ, లజాడా అనే ఆన్‌లైన్ షాపుల్లో ఆర్డర్ పెట్టొచ్చు, కొంతమంది సెల్లర్లు లంకావికి పంపరు, ముందే అడగండి, మెరీనా ఆఫీసుకి తెప్పించుకోవాలన్నా వాళ్ళ పర్మిషన్ తీసుకుని, బోట్ పేరు రాయించండి. బయటి దేశం నించి ఐతే పెట్టె మీదా బిల్లు మీదా యాట్ ఇన్ ట్రాన్సిట్ (దారిలో ఆగిన బోట్) అని బోట్ పేరుతో సహా ఉండాలి, బిల్లులో వస్తువేంటో స్పష్టంగా రాయించాలి, స్పేర్ పార్ట్స్ అని ఒక్క ముక్క రాస్తే కస్టమ్స్‌లో ఇరుక్కుంటుంది. పెయింటు, లిథియం బ్యాటరీ, ఫ్లేర్లు (ఆపదలో వెలిగించే మంట గుర్తులు) విమానంలో మామూలు పార్సిల్‌గా రావు, కాబట్టి వాటికోసం నెలల ముందే ఆలోచించండి.

గ్యాసు సిలిండర్ దగ్గర రెండు మాటలు. మన సిలిండర్ థ్రెడ్ ఇక్కడి రెగ్యులేటర్‌కి పట్టకపోవచ్చు, నింపేవాడి దగ్గర అడాప్టర్ ఉందో లేదో అడిగి అప్పుడు మోసుకెళ్ళండి. ఖాళీ బరువు సిలిండర్ మెడ మీద చెక్కి ఉంటుంది, చేపలు తూచే కొక్కెం తరాజు ఒకటి తీసుకెళ్ళి నింపాక తూచండి, ఖాళీ బరువు తీసేశాక గ్యాసు సిలిండర్ మీద రాసిన బరువు దాటితే వద్దు, కొంచెం వదిలించమనండి, ఎండకి గ్యాసు ఉబ్బడానికి జాగా కావాలి. డీజిల్ డబ్బాల్లో తెస్తే రాత్రంతా కదపకుండా ఉంచి, మర్నాడు అడుగు నించి కొంచెం గాజు సీసాలోకి తీసి వెలుతురులో చూడండి. నీళ్ళుంటే కింద వేరే పొరగా గీత కనపడుతుంది.

తిండి సామాను చివరాఖరికి. కువాలో బుధవారం, శనివారం రాత్రి సంతలు ఉంటాయి, గురువారం చెనాంగ్ దగ్గర తెమోయోంగ్‌లో, కూరగాయలు అక్కడ కొంటాం. ఫ్రిజ్‌లో పెట్టని గుడ్లు, ఫ్రిజ్‌లో పెట్టని క్యాబేజీ తీసుకోండి, ఒకసారి చల్లబడి బయటికొచ్చినవి బోట్‌లో తొందరగా పాడైపోతాయి. పప్పులు, ఇంగువ, కారం పెనాంగ్ లిటిల్ ఇండియాలో దొరుకుతాయి, ఆవకాయ మాత్రం ఇంటి నించి తెచ్చుకున్నదే, పైన నూనె తేలుతుంటే ఏ ఫ్రిజ్జూ అక్కర్లేదు. అట్టపెట్టెలు బోట్ ఎక్కనివ్వకండి. అట్ట మడతల్లో బొద్దింక గుడ్లుంటాయి, ఒక్క పెట్టె చాలు ఆర్నెల్లు యుద్ధం చెయ్యడానికి. జెట్టీ మీదే పెట్టెలు విప్పి సామాను సంచుల్లోకి మార్చి అట్టలు అక్కడి చెత్తడబ్బాలో పడేసి రండి, అరటి గెల తెస్తే బకెట్ ఉప్పునీళ్ళలో ముంచి తీసి అప్పుడు ఎక్కించండి.

కారుని మర్నాడు పొద్దున పది గంటలకి ఇచ్చేలా మాట్లాడుకోండి, అదే రోజు సాయంత్రానికి కాదు. ఎందుకంటే బోట్‌కి రాగానే అన్నం కన్నా ముందు కొన్నవన్నీ ఒకసారి పెట్టి చూడాలి, ఫిట్టింగు చేత్తో చివరిదాకా ఎక్కుతోందా, బెల్టు పుల్లీ మీద కూచుంటోందా, హోస్ బిగుతుగా పడుతోందా. కవర్ చింపొద్దు, టేపు చుట్టొద్దు, బిల్లు పారేయొద్దు. కుదరనివి ఒక సంచిలో వేసి డింగీలోనే పెట్టేస్తే, పొద్దున కారు ఇవ్వడానికి పోతూ దార్లో మార్చేసుకోవచ్చు.